గ్రంథకర్త స్వయంగా హాజరు కావలెను

మా సంస్థ అచ్చువేసే ప్రతి పుస్తకానికీ ఒక గ్రంథకర్త ఉండితీరాలి. మా నిబంధనల్లో ఇది పద్నాలుగోది. ఆయన ఒక్కరే అయి ఉండాలి, ప్రాణంతో ఉండాలి, దరఖాస్తు అడుగున మా ఎదుట సంతకం పెట్టాలి. ప్రాణంతో లేకపోతే వారసుల సమ్మతిపత్రం జతపరచాలి. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ప్రచురించడానికే ప్రభుత్వం పెట్టిన సంస్థలోకి ఈ నిబంధన ఎలా వచ్చిందని మీరు అడగొచ్చు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ సూపరింటెండెంటుగా ఉన్న నేను అడగలేదు. అడగని వాళ్ళకే అక్కడ ఇరవై రెండేళ్ళు గడుస్తాయి.

నిబంధన వచ్చాక మేం ప్రాచీన గ్రంథాల జోలికి పోవడం మానేశాం. ఉద్యోగాల్లో ఉన్న అధికారుల ప్రసంగాలు సంపుటాలుగా వేస్తూ వచ్చాం. వాళ్ళంతా ప్రాణంతోనే ఉన్నారు, సంతకాలు పెట్టడం వాళ్ళకి అలవాటే. అందరం సుఖంగా ఉన్న రోజుల్లో బొడ్డుపల్లి చిదంబరం గారు ఒక గుడ్డసంచీ పట్టుకుని నా బల్ల ముందుకొచ్చారు.

చిదంబరం గారు పండితుడు కాదు. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర ఒక చైనా పళ్ళ డాక్టరు దుకాణంలో ముప్ఫయ్యేళ్ళు కట్టుడుపళ్ళు తయారుచేశారు. ఆ డాక్టరు తండ్రి లియాంగ్ అనే ముసలాయన, మధ్యాహ్నం బేరాల్లేని వేళల్లో ఈయనకి చైనా అక్షరాలు నేర్పించాడు. దుకాణంలో ఉన్న చైనా పుస్తకం ఒక్కటే. పాముని చూస్తే ఏమవుతుంది, వరద వస్తే ఏమవుతుంది, పళ్ళు ఊడితే ఎవరికి కీడు అని కలలకి ఫలితాలు చెప్పే చాలా పాత పుస్తకం. అంచేత చిదంబరం గారికి వచ్చిన చైనా భాషంతా కలల భాషే. బియ్యం అడగడం రాదు గానీ, కలలో బియ్యం కనిపిస్తే ఏమవుతుందో చెప్పగలరు.

లియాంగ్ తాత పోతూ పోతూ ఆ పుస్తకం ఈయన చేతిలో పెట్టాడు. పదకొండేళ్ళు కూర్చుని చిదంబరం గారు దాన్ని తెలుగు చేశారు. ముందు నలభై పేజీల పీఠిక రాశారు.

"ఆర్నెల్లలో అయిపోద్దా అండీ?" అని అడిగారు నన్ను.

"తొందరేముంది?"

"పెద్దాసుపత్రి కళ్ళ డాక్టరు ఆర్నెల్లన్నాడండి. ఆ తరవాత వెలుగు తెలుస్తాది గానీ అక్షరం కనపడదంట. అచ్చులో నా పేరు ఒక్కసారి సూసుకుంటే సాలు. అనువాదం అని రాసి కింద నా పేరు. సిన్న అక్షరాలైనా పరవాలేదు, ఇప్పుడైతే సదవగలను."

అడిగిన దాంట్లో అత్యాశేమీ లేదు. అందుకే అది జరగదని నాకు అప్పుడే తెలిసుండాల్సింది. నేను మాత్రం ఉత్సాహంగా దరఖాస్తు నింపాను. గ్రంథకర్త అన్న గడిలో "తెలియదు" అని రాశాను.

దరఖాస్తు మర్నాడే వెనక్కొచ్చింది. "తెలియదు గారి తండ్రి పేరు, స్వస్థలము, రెండు ఫోటోలు జతపరచబడలేదు" అని దాని మీద ఎర్రసిరాతో ఉంది.

సంగతి తేల్చడానికి కమిటీ వేశారు. డైరెక్టరు డాక్టర్ విరూపాక్షం గారు అధ్యక్షులు, ఉపసంచాలకులు డాక్టర్ హైమావతి గారు సభ్యులు, నేను రాసుకునేవాణ్ణి. చిదంబరం గారిని పిలిచి, పుస్తకం ఎవరు రాశారో ఒక్క ముక్కలో చెప్పమన్నారు.

"ఒక్క ముక్కలో సెప్పలేనండి. చౌ ప్రభువు రాశాడని పుస్తకం మీద ఉంటాది. మూడువేల ఏళ్ళ కిందటి పెద్దమనిషి. కానీ ఆయన రాయలేదండి. ఆయన పేరుకి గౌరవం ఉందని ఎవరో తరవాత తగిలించారు. పాత రాతప్రతులు ఒకదాంతో ఒకటి కలవ్వు. ఈ తరంలో ఒకాయన పది కలలు రాస్తే, ఆపై తరంలో పంచాంగం అమ్ముకునేవోడు ఇంకో ఇరవై కలిపాడు. అదంతా పీఠికలో రాశానండి."

విరూపాక్షం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అనగా, గ్రంథము కలదు, గ్రంథకర్త లేడు. ఇది పరిపాలనాపరంగా సాధ్యం కాదు."

"ఉన్నారండి. సానామంది ఉన్నారు. పేర్లే తెలీవు."

"పేరు తెలియని వ్యక్తితో ఉత్తర ప్రత్యుత్తరములు జరపలేము."

చిదంబరం గారు వాతావరణం తేలికపరుద్దామని కాబోలు, ఒక మాట జారారు. "మా లియాంగ్ తాత కునుకు తీసేముందు, చౌ ప్రభువుని సూసొస్తాను అనేవోడండి. ఆళ్ళ దేశంలో నిద్రపోడానికి అలగంటారంట."

హైమావతి గారు తలెత్తారు. "అంటే నిద్రపోయిన వాళ్ళకి ఆయన దర్శనమిస్తారా?"

"మాటవరసకండి."

"మాటవరసకో మరోవరసకో, దేశం దేశమంతా అంటోందంటే అది లోకసమ్మతమైన ప్రమాణం," అన్నారామె. డైరెక్టరు వైపు తిరిగారు. "సార్, గ్రంథకర్త అందుబాటులోనే ఉన్నారు. మనం ప్రయత్నించలేదు, అంతే."

విరూపాక్షం గారి ముఖం వికసించింది. చిదంబరం గారు నా వైపు చూశారు. నేను కాగితం వైపు చూసుకున్నాను.

మూడో రోజు ఉత్తర్వు వెలువడింది. "విషయము: గ్రంథకర్తను స్వప్నమునందు కలుసుకొని వాంగ్మూలము సేకరించుట గురించి. ప్రతి పనిదినమున మధ్యాహ్నము ఒంటిగంటన్నర మొదలు మూడున్నర వరకు సిబ్బంది యావన్మందియు విధిగా నిద్రించవలెను. స్వప్నములను నిర్ణీత నమూనాలో మూడు ప్రతులుగా దాఖలు పరచవలెను. మెలకువగా నున్నవారిపై తగు చర్య తీసుకొనబడును."

నిజం చెప్పాలంటే, ఆ వేళప్పుడు మా సంస్థ నిద్రపోవడం కొత్త కాదు. కాకపోతే ఇదివరకు ఎవరి బల్ల మీద వాళ్ళు తలవాల్చేవారు, ఇప్పుడు పఠనమందిరంలో చాపలు వేశారు. నిద్ర హాజరుపట్టీ పెట్టారు. అటెండరు గంగులు గంట కొట్టగానే పడుకోవాలి, మళ్ళీ గంట కొట్టగానే లేవాలి. అతను కూడా నిద్రపోవాల్సిన వాడే గనుక రెండో గంట తరచు ఐదింటికి మోగేది. వీధి తలుపుకి "సంస్థ విధినిర్వహణలో ఉన్నది, మూడున్నరకు రండి" అని బోర్డు తగిలించారు. ఇదివరకు ఆ బోర్డు ఉండేది కాదు, జనం లోపలికొచ్చి లేపేవారు.

ఒక చిక్కు వచ్చింది. పని చేయకపోతే ఎవరూ అడగని చోట, నిద్రే పని అయ్యేసరికి ఎవరికీ నిద్ర పట్టలేదు. మొదటి వారంలో పదకొండుమందికి మెలకువ మెమోలు వెళ్ళాయి. ఒక గుమాస్తా డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి సెలవు తీసుకున్నాడు, ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాడు.

రెండో వారానికి వాంగ్మూలాలు రావడం మొదలైంది. గ్రంథాలయాధికారి కలలో చౌ ప్రభువు వచ్చి తమది బొబ్బిలి దగ్గర పల్లె అని చెప్పాడు. గ్రంథాలయాధికారిదీ బొబ్బిలే. టైపిస్టు కలలో ఆయన అనకాపల్లి బెల్లం తింటూ కనిపించాడు. టైపిస్టు అత్తవారిది అనకాపల్లి. హైమావతి గారి కలలో చౌ ప్రభువు అసలు పురుషుడే కాడు, పండితురాలైన ఒక వితంతువు. ఆమె గ్రంథమంతా సీసపద్యాల్లో చెబితే ఒక మగవాడు కాజేశాడని ఏడ్చిందట. నా కలలో మా మామగారు వచ్చి గొడుగు తిరిగి ఇమ్మన్నారు. నేను ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. "అప్రస్తుత స్వప్నము. తిరిగి నిద్రించవలెను" అని వెనక్కొచ్చింది.

గంగులు ఒక్కడే పడుకోగానే గురకపెట్టేవాడు. నమూనా నింపడానికి నేను కూర్చుని, కలలో ఎవరొచ్చారని అడిగాను.

"ఎవులూ రాలేదు బాబూ. తొంగున్నాను, నెగిసాను."

పడుకున్నాడు, లేచాడు అన్న ఆ వాంగ్మూలం నమోదు కాలేదు.

చిదంబరం గారికి కూడా అవకాశం ఇచ్చారు. అనువాదకుడు గనుక గ్రంథకర్తతో పూర్వపరిచయం ఉంటుందని కమిటీ అభిప్రాయం. ఆయన చాప మీద రెండు గంటలు కళ్ళు మూసుకుని పడుకుని లేచారు.

"నాకు పగటిపూట నిద్ర అలవాటు లేదండి. పగలంతా పళ్ళు అరగదీసే పని కదా," అన్నారు. బయటికి వెళుతూ నా దగ్గర ఆగారు. "మూణ్ణెల్లయిపోయాయి సూపర్నెంటుగారూ. ఎడం కన్ను పోయినట్టే. గోడ మీద కేలెండరు తెల్లకాగితంలాగ కనపడతంది."

నాకు సిగ్గేసింది. సిగ్గేసినా చాప పరుచుకుని పడుకున్నాను, ఎందుకంటే హాజరుపట్టీ నా పక్కనే ఉంది.

ఇరవై ఏడు వాంగ్మూలాలు, ఇరవై ఏడుగురు గ్రంథకర్తలు. ఒక్కరే ఉండాలి గనుక కలల జ్యేష్ఠతాక్రమం నిర్ణయించారు. కింది ఉద్యోగి కల పై అధికారి కలను ఖండించరాదు. సమాన హోదా గలవారి కలలు విభేదించినచో, సర్వీసులో ముందు చేరినవారి కల చెల్లును. దీంతో బొబ్బిలీ అనకాపల్లీ కొట్టుకుపోయి హైమావతి గారి వితంతువు ఒక్కతే మిగిలింది. ఆమె విజయం ఒక పూట నిలిచింది. ఆ మధ్యాహ్నమే విరూపాక్షం గారు తమ గదిలో ఏసీ వేసుకుని, తలుపు వేసుకుని విధినిర్వహణ చేశారు.

నాలుగున్నరకి కమిటీ సమావేశమైంది. డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "ప్రభువు వచ్చారు. చేతిలో కుంచె ఉంది. నాకు అందించి, 'విరూపాక్షా, గడచిన జన్మమున దీనిని రచించినది నీవే, నీ వస్తువు నీవు తీసుకొనుము' అని శుద్ధ గ్రాంథికములో సెలవిచ్చారు. చెప్పుకోవడానికి నాకే సంకోచంగా ఉన్నది. కానీ సత్యాన్ని దాచే అధికారం నాకు లేదు."

హైమావతి గారు కాసేపు పెన్ను తిప్పారు. తరవాత, తన కలలోని వితంతువు కూడా పోయేముందు డైరెక్టరు గారి గది వైపే చూపించిందని గుర్తు చేసుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం.

ఇక మిగతాదంతా చకచకా తేలిపోయింది. గ్రంథకర్త ప్రాణంతో ఉన్నారు, మా ఎదుట సంతకం పెట్టారు, రెండు ఫోటోలు ఇచ్చారు. గ్రంథకర్త తెలుగువారు గనుక ఇది తెలుగు గ్రంథం. తెలుగు గ్రంథం గనుక చైనాలో ఉన్నది దీనికి అనువాదం. కాబట్టి ఇందులో అనువాదకుడు అనేవాడు ఉండడు. అనుమతి లేకుండా మూడువేల ఏళ్ళుగా అనువదించుకుంటున్నందుకు ఆ దేశానికి నోటీసు పంపాలని కూడా తీర్మానించారు గానీ ఎవరి పేరున పంపాలో తెలియక ఆగింది. పీఠిక తీసేశారు. ఏ ఒక్కరూ రాయలేదని నలభై పేజీలు చెప్పడం గ్రంథకర్త పరువుకి భంగకరమన్నారు.

ఆవిష్కరణకి చిదంబరం గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. నేనే ఒక ప్రతి చేతికిచ్చాను. ఆయన వెనక వరసలో కూర్చుని మొదటి పేజీ కుడికంటికి ఆనించుకున్నారు. తరవాత రెండో పేజీ. అలా ఒక్కో పేజీ ముక్కుకి తగిలేంత దగ్గరగా పట్టుకుని అట్ట చివరిదాకా వెతికారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. తనకి పేరు కనిపించడం లేదనుకున్నారు గానీ, అసలు లేదనుకోలేదు. 

ముఖ్య అతిథిగా వచ్చిన మంత్రిగారు సరదా మనిషి. మైకు ముందు నవ్వుతూ, "మొన్న నాకో కల వచ్చిందండీ. నేనెక్కిన బండి వెనక్కి నడుస్తోంది. మీ పుస్తకం ఏవంటదో చూడండి," అన్నారు.

అది విరూపాక్షం గారు రాసిన పుస్తకమే గాని చదివిన పుస్తకం కాదు. ఉత్సాహంగా పేజీ తీసి, మైకు లోనే చదివారు. "బండి వెనుకకు నడచినట్లు కల వచ్చిన, పదవీభ్రష్టత. ఇంటివారే కారకులు."

సభలో తలలన్నీ ముందు వరస వైపు తిరిగాయి. మంత్రిగారి బావమరిది ముందు వరసలోనే ఉన్నాడు. మంత్రిగారు లేచి, ఎవర్నీ చూడకుండా ఒక్క మాట అడిగారు. "ఎవడయ్యా ఇది రాసింది?"

తరతరాలుగా పండితులు తేల్చలేని ప్రశ్న అది. మా సంస్థ రెండు రోజుల్లో తేల్చేసింది. తాను రాయలేదని విరూపాక్షం గారు మర్నాడు మధ్యాహ్నమే తెలుసుకున్నారు. ప్రభువు మళ్ళీ కలలోకి వచ్చి, పొరపాటున వేరే విరూపాక్షానికి ఇవ్వాల్సిన కుంచె ఇచ్చానని చెప్పి తీసుకుపోయాడు. హైమావతి గారి వితంతువు తనకి అక్షరజ్ఞానమే లేదని కబురంపింది. బొబ్బిలివాడు బొబ్బిలివాడు కాకుండా పోయాడు. ఇరవై ఏడు వాంగ్మూలాలూ మూడేసి ప్రతులుగా ఉపసంహరించబడ్డాయి.

కానీ పద్నాలుగో నిబంధన ఉంది. అచ్చయిన పుస్తకానికి గ్రంథకర్త లేకుండా ఉండటానికి వీల్లేదు. కమిటీ తలపట్టుక్కూర్చున్నప్పుడు హైమావతి గారే దారి చూపించారు.

"సార్, ప్రభువు కలలో కనిపించని వ్యక్తి ఈ వ్యవహారంలో ఒక్కరే ఉన్నారు. ఆ పళ్ళ మేస్త్రీ. ఎందుకు కనిపించలేదు? ఎవరి కలలోకి వాళ్ళు అతిథిగా రాలేరు కదా."

"అనగా, గ్రంథకర్త ఆయనే," అన్నారు డైరెక్టరు.

"గంగులుక్కూడా, నాక్కూడా కనిపించలేదండి," అన్నాను.

"అవి నమోదు కాలేదు," అన్నారిద్దరూ.

మెమో నా చేతే పంపించారు. పాత పోస్టాఫీసు వెనక సందులో చిదంబరం గారి ఇల్లు. అరుగు మీద కూర్చుని, అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పారు. ఆర్నెల్లు దాటి పది రోజులైంది. నన్నే చదవమన్నారు.

"'ప్రజాప్రతినిధుల గౌరవమునకు భంగము కలిగించు గ్రంథమును ఆమూలాగ్రము రచించిన గ్రంథకర్త శ్రీ బొడ్డుపల్లి చిదంబరం గారికి తెలియజేయునది' అని ఉందండి."

"ఇంకోపాలి సదవండి."

మళ్ళీ చదివాను. ఆయన నవ్వారు. "అనువాదం అని అడిగితే పుస్తకమంతా నాకే రాసిచ్చేశారు. ఇప్పుడు నేనేటి సెప్పాలండి?"

"ఒప్పుకుంటే కేసు పెడతారు. ఒప్పుకోకపోతే గ్రంథకర్త లేని పుస్తకం కింద ప్రతులన్నీ వెనక్కి తెప్పించి గోడౌన్లో పడేస్తారు. కానీ ఒప్పుకుంటే పుస్తకం మీద మీ పేరు వేసి తీరాలి. నిబంధన అదండీ."

ఆయన అరుగు మీద అరచేతితో రాస్తూ కూర్చున్నారు. నేను లోపల్లోపల, ఒప్పుకోమనే కోరుకున్నాను. కేసు వస్తే రానీ, పేరు కూడా వస్తుంది. ఈ ఊళ్ళో ఇరవై ఏడుమంది చేతికందిందే చాలని లాక్కున్న దాన్ని, పదకొండేళ్ళు కూర్చుని కళ్ళు పోగొట్టుకున్న మనిషి ఎందుకు తీసుకోకూడదు?

"రాసుకోండి," అన్నారు. "ఇది నేను రాయలేదు. ఏ ఒక్కరూ రాయలేదు. పేరు లేని మనుషులు సానామంది, ఆళ్ళకొచ్చిన కలలూ, ఆళ్ళకున్న భయాలూ కలిపి రాశారు. నేను తెలుగు సేశాను. అంతే."

వేలిముద్ర చాలన్నా వినకుండా సంతకమే పెట్టారు. గీత కాగితం దాటి అరుగు మీదికి పోయింది.

వారానికి ప్రతులు వెనక్కి తెప్పించే ఉత్తర్వు వచ్చింది. అయిదు వందల్లో నాలుగు వందల తొంభై తొమ్మిది గోడౌన్ చేరాయి. చివరిది చిదంబరం గారి దగ్గరుంది. మళ్ళీ నేనే వెళ్ళాను. దారిలో దుకాణంలో ఒక నల్లటి మార్కరు కొన్నాను. అరుగు మీద కూర్చుని, పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీలో విరూపాక్షం గారి ఫోటో మీదుగా, పేజీ నిండా, అరచేతంత అక్షరాలతో "తెలుగు చేసినవారు బొడ్డుపల్లి చిదంబరం" అని రాసి చేతిలో పెట్టాను.

ఆయన ఎండ వైపు తిరిగి కుడికంటికి ఆనించుకున్నారు. 

"కనపడతందండి," అన్నారు. "బాగా కనపడతంది."

పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారని నేను చెప్పలేదు.

తరవాత ఆయనే తిరిగి ఇచ్చేశారు. "సూసేశాను కదండీ. పట్టుకెళ్ళండి. మీకు మాటొస్తాది."

మాట రానే వచ్చింది. గోడౌన్లో లెక్క సరిచూసినప్పుడు అయిదువందలవ ప్రతి మీద రాత బయటపడింది. ప్రభుత్వ గ్రంథము మీద, అందునా డైరెక్టరు గారి ముఖము మీద, అనధికారిక రచన. కమిటీ అత్యవసరంగా కూడింది. చేతిరాత ఎవరిదో పోల్చాలన్నారు విరూపాక్షం గారు. మధ్యాహ్నం నిద్రల స్వప్నసాక్ష్యం మళ్ళీ సేకరిస్తే మంచిదన్నారు హైమావతి గారు. చాపలు ఎక్కడున్నాయని గంగుల్ని కేకేశారు.

"ఎవరు రాశారిది?" అని డైరెక్టరు గారు బల్ల చరిచారు.

ఎవరూ నిద్రపోనక్కర్లేదని చెప్పాను. కొత్త దరఖాస్తు ఒకటి తీసి, గ్రంథకర్త అన్న గడిలో నా పేరు, దాని కింద మా నాన్న పేరు రాసి, వాళ్ళెదుటే సంతకం పెట్టాను. రెండు ఫోటోలు కూడా ఇచ్చాను.